మరదలి తొమ్మిది రోజుల స్నానం

నా భార్యకు తుంటి ఎముక విరిగినప్పుడు మూడు నెలలు, ఇంకొకరి చెయ్యి పడకుండా, నేనొక్కడినే సాకానని ప్రొద్దుటూరులో ఒక ప్రార్థన కూడికలో సాక్ష్యం చెప్పాను. మైదుకూరులో చెప్పేటప్పటికి అది నాలుగు నెలలైంది. ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూసి ఆగలేక, రోజూ మైలవరం డ్యాం చేపలు తెచ్చి పులుసు కాచి తినిపించానని కూడా కలిపాను.

నిజం ఏమిటంటే అది తొమ్మిది రోజులు. చేపలు ఒకే ఒక్కసారి వండాను. పిల్లి కూడా ముట్టలేదు.

మా జమ్మలమడుగులో మాత్రం ఈ సాక్ష్యం ఎన్నడూ చెప్పలేదు. చెబితే లేచి నిలబడి నవ్వే మనిషి అక్కడొకామె ఉంది. ఆమె సంగతి రాయడానికే కూర్చున్నాను.

నేను బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడిని. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడూళ్ల మధ్య నా బ్రేకు ఎరగని గుంత లేదు. పెన్నకు నీళ్లొచ్చిన ఒక ఏడు, కాజ్‌వే మీద నడుం లోతు వరదలో అరవై మందిని దాటించాను. డ్రైవర్లతో కూర్చుంటే ఇట్లాగే చెబుతాను. మీకు కాబట్టి చెబుతున్నా, నీళ్లు మోకాలికి దిగువే. జనం పదహారు మంది, అందులో ఇద్దరు టికెట్టు తీసుకోలేదు. ఆ కథలో ఇంకొక ముక్క దాచిపెట్టాను. దాని సంగతి తర్వాత.

రిటైరయ్యాక సంఘంలో పెద్దనయ్యాను. పిడికెడు బియ్యం డబ్బా నా చేతికి వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఆదివారం దాన్ని చర్చికి తెచ్చి పెద్ద డబ్బాలో పోస్తారు. విధవరాండ్రకు, జబ్బుపడినవాళ్లకు ఆ బియ్యం పంచుతారు. పంచేవాడిని నేను. ఇరవై ఏళ్లు పంచాను. సరే, పన్నెండు.

చర్చి వెనక గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడిని. పుచ్చుకునేవాళ్లు వరసలో నిలబడాలి. కొలపాత్ర నింపి, పైన గోపురం కట్టకుండా అరచేత్తో తల కొట్టి పోసేవాడిని. పోసే ముందు ఒక్కొక్కరినీ తల వంచమని ప్రార్థన చేసేవాడిని. ఆ ప్రార్థన నేనే కట్టింది. "ప్రభువా, దిక్కులేని ఈ నీ బిడ్డను చూడు. ఈ గింజలతో కొరత తీర్చు. ఇచ్చిన చేతులను ఆశీర్వదించు. పుచ్చుకున్న చేతులకు కృతజ్ఞత నేర్పు." ఆ చివరి మాట దగ్గర గొంతు కొంచెం పెంచేవాడిని.

ఆ వరసలో ఎప్పుడూ ఆఖరున ఒకామె నిలబడేది. బస్టాండులో ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముతుంది. నాకంటే రెండేళ్లు పెద్ద, అందుకని అక్కా అంటాను. నేను ప్రార్థన చేస్తుంటే ఆమె కళ్లు మూసుకునేది కాదు. ఆ సంగతి నాకెట్లా తెలుసంటే, నేనూ మూసుకోను కాబట్టి.

పోయిన వేసవిలో నా భార్య బట్టలుతికే బండ దగ్గర సబ్బునీళ్లలో జారి పడింది. ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఇంటికి పంపేటప్పుడు ఎముకల డాక్టరు నా వైపు వేలు చూపించి చెప్పాడు.

"పెద్దాయనా, రోజుకు మూడుసార్లు వాకర్ పట్టించి నిలబెట్టాల. ఇద్దరు మనుషులు సాయం ఉండాల. అయ్యో పాపమని పండబెట్టినావంటే ఇంగ లేయదు. మంచమే గతి."

"అట్లే సార్," అన్నాను. ఇద్దరు మనుషులంటే నేనూ, ప్రభువూ అని లెక్క వేసుకున్నాను.

మాకు పిల్లలు లేరు. ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నా. అట్లాగని సాయానికి మనుషులు లేక కాదు. ఇంటికి చేరిన రోజే పులివెందుల నుంచి నా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, ఫోన్ చేసింది.

"బావా, బస్సెక్కుతాండా. నెలదినాలుండి అక్కను నేను చూసుకుంటా."

"నువ్వేం రావద్దులేమ్మా. ఈడ చర్చి ఆడోల్లు వంతులేసుకోని చూస్తాండారు. ఇంట్లో కాలు పెట్టనీకి సందు ల్యా," అన్నాను.

మరుసటి రోజు మా పాస్టరు గారి భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. వంతులు వేసుకుని వస్తామన్నారు. "ఎందుకమ్మా మీకు శ్రమ? పులివెందుల నుంచి మా మరదలు దిగింది. అంతా ఆయమ్మే చూసుకుంటాంది," అన్నాను. వాళ్లు గేటు బయటే నిలబడి ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

బస్సులో నిద్రపోయే ఇద్దరు ప్రయాణికుల్లాగా నా రెండు అబద్ధాలూ ఒకదాని భుజం మీద ఒకటి వాలి హాయిగా కూర్చున్నాయి.

ఎందుకిట్లా చేశానంటే, వెనక గదిలో వరసగా నిలబడినవాళ్ల ముఖాలు నాకు బాగా తెలుసు. చేతులు చాపేటప్పుడు మనిషి కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొలపాత్ర మీద పెట్టుకుంటాడు. పన్నెండేళ్లు కుర్చీలో కూర్చుని ఆ కళ్లు చూశాను. అవి నా ముఖానికి వద్దనిపించింది. సంఘంలో మాత్రం, ప్రభువు కృప చాలును అన్నాను. ఆయన పేరు చెబితే ఎవరూ ఎదురడగరు.

అబద్ధం చెప్పాక దానికి బట్టలు కట్టాలి కదా. బీరువాలోంచి నా భార్య ఎప్పుడో గాని కట్టని ఆకుపచ్చ చీర తీసి, నీళ్లలో ముంచి, దండెం మీద ఆరేశాను. మరదలు ఉతుక్కుని ఆరేసుకున్నట్టు. గోడ అవతల నుంచి పక్కింటి అమ్మాయి చూసింది. ముస్లిముల పిల్ల. మొగుడు కువైట్‌లో కారు తోలుతాడు, ఈమె ఇంట్లో మిషను కుడుతుంది. నా భార్యను అత్తా అని, నన్ను మామా అని పిలుస్తుంది.

"ఎవురు మామా వచ్చింది?"

"మా మరదలు."

"ఓహో." ఆ పిల్ల చీర వైపు చూసింది. "ఆ చీరకు ఫాల్ కుట్టింది నేనే గద మామా. అత్తది అది."

"అక్కచెల్లెండ్లు గదమ్మా, ఒకరివి ఒకరు కట్టుకుంటారు."

"మరి గొంతే ఇనపడదే?"

"అది శానా నెమ్మది."

మా మరదలిని ఎరిగినవాళ్లు ఈ మాటకు పడి పడి నవ్వుతారు. ఆమె పులివెందులలో కేకేస్తే ముద్దనూరులో బస్సు ఆగుతుంది.

నా భార్య ఇదంతా మంచం మీద నుంచి వింటూనే ఉంది. నలుగురిలో నా పరువు తీయడం ఆమెకు అలవాటు లేదు. ఇంట్లో మాత్రం ఆ పని చాలా శ్రద్ధగా చేస్తుంది.

"ఏమయ్యా, యేసయ్య ఊరేగనీకి గాడిదను అడిగి తెప్పించుకున్యాడు. వాక్యం చెప్పనీకి ఒకరి పడవ అడిగినాడు. దప్పికైతే ఒక ఆడమనిషిని నీళ్లడిగినాడు. ఆకరికి పండబెట్టిన గుహ గూడా ఇంగొకరిదే. నువ్వు ఆయప్ప కంటే పెద్దోనివా?"

"ఆయనకు పెన్షను లేదు," అన్నాను.

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆ రోజుల్లో ఆమె తిప్పగలిగింది ముఖం ఒక్కటే.

నేనే నిలబెట్టానని చెప్పుకుంటాను గాని, మొదటి మూడు రోజులే ప్రయత్నం చేశాను. ముప్పై ఏళ్లు స్టీరింగు ముందు కూర్చున్న నడుం నాది. సగం లేపేసరికి అది పట్టేసేది. నాలుగో రోజు నుంచి మానేశాను. "ఈ పొద్దు నీరసంగా ఉండావులే, రేపు చూద్దాం," అనేవాడిని. నీరసం ఆమెది కాదు, నాది. ఏడో రోజుకు వీపు మంటగా ఉందంది. పౌడరు చల్లాను. చల్లేటప్పుడు వీపు వైపు చూడలేదు. చూస్తే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని.

తొమ్మిదో రోజు పొద్దున నాకొక ఇంజనీరు ఆలోచన వచ్చింది. నిండు బస్సును జాకీతో లేపినవాడిని, నలభై ఐదు కిలోల మనిషిని లేపలేనా? కిటికీ ఊచలకు తాడు కట్టి, రెండో కొస ఆమె చేతికిచ్చి, "నువ్వు లాగు, నేను ఎనక నుంచి నెడతా," అన్నాను. ఆమె సగం లేచింది. "స్తోత్రం!" అని అరిచాను. ఆ అరుపుతోనే నా నడుం పట్టేసింది. ఆమె జారి, నా మీదుగా, నేల మీదికి వచ్చింది.

ఆమెకు దెబ్బ తగలలేదు. కింద నేనున్నాను. కావాలనే కింద పడ్డానని తర్వాత చెప్పుకున్నాను, నిజానికి పక్కకు జరగడానికి టైము చాలలేదు.

ఇద్దరం నేల మీద పడి ఉన్నాం. ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. పైకప్పు వైపు చూస్తూ ఉంది, కంటి నీళ్లు చెవిలోకి పోతున్నాయి.

"నేనింగ నడవనా?" అంది.

"నడుస్తావు."

"ఎవురు నడిపిస్తారు? దండెం మీద చీరనా?"

దుప్పటి మీదికి దొర్లించి, అంచు పట్టుకుని లాగి, ఆమె చేత తాడు కూడా పట్టించి, ఎట్లాగో మంచం మీదికి చేర్చాను. అరగంట కూడా కాలేదు, గేటు చప్పుడైంది. చెనక్కాయల అక్క. చంకలో ఒక సంచి.

"ఏమప్పా, బాగుండారా? జబ్బు మనిషుండే ఇల్లు గదా, మీకు బియ్యం ఇయ్యల్లని ఆదివారం చర్చిలో అనుకున్యారు. నేను పోతానని నేనే అడిగి తీసుకున్యా."

సంచి మూతి తెరిచి చూపించింది. ఆ రంగు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. తెల్లనివి, పసుపువి, సన్నవి, లావువి, రేషనువి, నూకలు, ఊరందరి పిడికిళ్లూ కలిసిన రంగు.

"మాకెందుకక్కా? పెన్షనుండాది. లేనోల్లకియ్యి."

"నీకు పెన్షనుందా లేదా అని నేనడగలేదప్పా. మీ మరదలిని పిలువు, ఆయమ్మ చేతికిచ్చి పోతా."

"స్నానానికి పోయింది."

"అట్లనా. వచ్చేదంక కూకుంటా."

సంచి ఒళ్లో పెట్టుకుని వరండా గట్టు మీద కూర్చుంది. పక్కన నేనూ కూర్చున్నాను. ఎండ గురించి మాట్లాడుకున్నాం. కొండాపురం వైపు పడని వాన గురించి మాట్లాడుకున్నాం.

"శానాసేపు పోసుకుంటాందే," అంది అక్క.

"ప్రయాణం చేసి వచ్చింది గదా. దుమ్ము."

"వచ్చి తొమ్మిదిదినాలాయ గదప్పా."

"ఒంటికి పట్టిన దుమ్ము అంత తొందరగా పోదు."

"నీళ్ల సప్పుడు గూడా ల్యా."

"మెల్లగా పోసుకుంటాది. నెమ్మది మనిషి."

"పులివెందులోల్లు ఇంత శుభ్రమని నాకు తెల్దు సామీ."

గోడ మీద పక్కింటి అమ్మాయి తల లేచింది. "అవ్వా, నేను గూడా ఆయమ్మను సూడల్లని తొమ్మిదిదినాల నుంచి ఈడనే నిలబడుండా."

నేనేదో అనబోయాను. అంతలో లోపలి నుంచి కేక. నాతో సంసారం చేసిన ఇన్నేళ్లలో నా భార్య బయటివాళ్లకు వినపడేటట్టు అరవడం అదే మొదలు.

"అక్కా! అది పులివెందులలోనే ఉండాది! ఈడ ఎవురూ ల్యారు! నన్ను లేపే దిక్కు ల్యాక పడుండా. లోపలికి రా!"

అక్క నా వైపు చూడలేదు. సంచి గట్టు మీద పెట్టి, నన్ను దాటుకుని లోపలికి పోయింది. పక్కింటి పిల్ల గోడ దిగి, గేటు తీసుకుని, చెప్పులు విడిచి, తనూ పోయింది. తలుపు మూసుకుంది.

నా ఇంటి వరండాలో నేను బయటివాడిలాగా కూర్చున్నాను. లోపల నీళ్ల చప్పుడు. తొమ్మిది రోజుల్లో ఆ ఇంట్లో సరిగా జరిగిన స్నానం అదే. తర్వాత చప్పుడు ఆగింది.

అక్క బయటికి వచ్చింది. ఎగతాళి చేస్తుందని ఎదురుచూశాను, దానికి జవాబులు కూడా తయారు చేసుకున్నాను. ఎగతాళి చేయలేదు.

"వీపంతా ఎర్రగా కమిలిపోయింది. తోలు ఇంగా సీలలేదు. ఇంగో రెండు దినాలైతే పుండయ్యేది."

ప్రొద్దుటూరు డాక్టరు వేలు కళ్ల ముందు ఆడింది.

"ఇప్పుడు లేస్తుందా అక్కా?"

"నేనూ ఈ పిల్లా నిలబెడతాం. నువ్వు పోయి బువ్వ వండు. ఆయమ్మకు కడుపు కాలతాంది."

సంచి కోసం చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు.

"ఆగప్పా. తల వంచు."

"ఇప్పుడెందుకక్కా?"

"ఎప్పుడూ ఇదే గదా పద్ధతి. వంచు."

వంచాను. పక్కింటి పిల్ల గుమ్మంలో నిలబడి, మర్యాదగా చున్నీ తల మీదికి లాక్కుంది. అక్క గొంతు సవరించుకుంది. సరిగ్గా నా మాదిరే, రెండుసార్లు.

"ప్రభువా, దిక్కులేని ఈ నీ బిడ్డను చూడు. ఈ గింజలతో కొరత తీర్చు. ఇచ్చిన చేతులను ఆశీర్వదించు." ఆగి, గొంతు పెంచింది. "పుచ్చుకున్న చేతులకు కృతజ్ఞత నేర్పు!"

"ఆమీన్," అంది పక్కింటి పిల్ల, వాళ్ల పద్ధతిలో, నాకంటే గట్టిగా. లోపల మంచం మీద నుంచి ఇంకొక ఆమేన్ వినపడింది. దాని వెనకే నవ్వు. నా భార్య నవ్వు విని పది రోజుల పైనే అయింది.

తల వంచుకుని నేనెక్కడ చూస్తున్నానో అప్పుడు గమనించాను. సంచి వైపు. వరసలో నిలబడినవాళ్ల మాదిరే. అదేమీ అంత ఘోరంగా లేదు. సంచి బరువుగా ఉంది, అంతే.

ఇందాక దాచిన ముక్క ఇప్పుడు చెబుతాను. పెన్న కాజ్‌వే మీద ఆ రోజు రోడ్డు ఎక్కడుందో నాకు కనపడలేదు. బస్సు ఆపేశాను. గొర్రెలు తోలుకునే మనిషి ఒకడు పంచె ఎగగట్టి, నీళ్లలోకి దిగి, కర్రతో పొడుస్తూ ముందు నడిచాడు. అతని వీపు చూస్తూ మొదటి గేరులో పోయాను. గట్టెక్కాక హారన్ కొట్టి వెళ్లిపోయాను, దండం కూడా పెట్టలేదు. ఇన్నేళ్లుగా ఆ కథలో అతనికి చోటు ఇవ్వలేదు. ఇస్తే నా చోటు తగ్గుతుందని.

వంటింట్లోకి పోయి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. లోపల గదిలో "బిస్మిల్లా" అని ఒక గొంతు, "యేసయ్యా" అని ఒక గొంతు, "అమ్మా" అని నా భార్య గొంతు. ఇంత మందిని పిలిచాక ఎవరో ఒకరు రాకపోరని నేను గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. గిన్నె సంగతి మరచిపోయాను.

మాడు వాసన నాకంటే ముందు నా భార్యకే తగిలింది.

"ఏం తగలబెడతాండావయ్యా ఆడ?"

తిరిగి చూస్తే వంటింటి గుమ్మంలో వాకర్. వాకర్ వెనక నా భార్య. చెరో పక్క చెరొకరు నడుం పట్టుకుని ఉన్నారు. నిలబెట్టడానికే ఎత్తారట. వాసన రాగానే ఈమే, "పదండి, గిన్నె పోతాది," అని అడుగు వేసిందట. ఆరు అడుగులు. కాళ్లు వణుకుతున్నాయి, ముఖమంతా చెమట, కళ్లు మాత్రం గిన్నె మీదే.

నా భార్యను నడిపించింది నేనేనని నేను చెప్పుకునేది దీని ఆధారంగానే.

మాడింది తీసి, పైది నలుగురం తిన్నాం. సగం గంజి మాదిరి, సగం రాళ్ల మాదిరి. ఒక ముద్దలోనే రెండూ.

"ఇదేందక్కా ఇట్లయింది?"

"కలిపిన బియ్యం గదప్పా. సన్నవి ముందు ఉడుకుతాయి, లావువి ఉడకవు. జల్లించల్ల. లావువి ముందు నానబెట్టల్ల. అవి సగం ఉడికినాక సన్నవి ఎయ్యల్ల. ఇన్నేండ్లు పంచితివే, ఒక్కనాడన్నా వండుకోని తింటివా?"

"లేదక్కా. నువ్వు ఒక మాట చెప్పుంటే..."

"ఎప్పుడు చెప్పల్లప్పా? నువ్వు ప్రార్థన ఆపితే గదా."

నా భార్యకు పొలమారింది. పక్కింటి పిల్ల వీపు తట్టబోయి, వీపు సంగతి గుర్తొచ్చి, భుజం తట్టింది.

భోజనాలయ్యాక నా భార్య చెయ్యి చాపి నా ఫోన్ అడిగింది. నా ముందే పులివెందులకు ఫోన్ చేసి, జరిగిందంతా, దండెం మీద చీరతో సహా చెప్పింది. అవతలి నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. ఫోన్ చెవికి ఆనించనక్కర లేకుండా అందరికీ వినపడ్డాయి.

మరుసటి రోజు మధ్యాహ్నం మరదలు దిగింది, నేను తోలిన రూటు బస్సులోనే. అప్పటికే అక్క, పక్కింటి పిల్ల కలిసి నా భార్యను వరండా దాకా నడిపించి తెచ్చారు. మరదలు సంచీ కింద పెట్టి, తన అక్క చేతులు పట్టుకుని కాసేపు ఏడ్చి, నన్ను కాసేపు తిట్టి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"బావా, నీళ్లుండాయా? ఒళ్లంతా దుమ్ము కొట్టుకపోయింది. ముందు స్నానం చెయ్యల్ల."

నా భార్య వాకర్ గట్టిగా పట్టుకుంది, నవ్వుకు పడిపోతానేమోనని. పక్కింటి పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుంది.

"ఇంగా ఎంతసేపు చేస్తావమ్మా తల్లీ!" అంది చెనక్కాయల అక్క.

మరదలికి ఏమీ అర్థం కాక అందరి ముఖాలూ చూస్తూ ఉంటే, నేను లేచి పోయి బకెట్టులో నీళ్లు పట్టాను.